బి ద్వారం తలుపు మీద ఎవరుండాలి?

మానవజాతి చదవడం ఎప్పుడు నేర్చుకుందో పండితులు తేల్చారట గాని, యాంబోల్ పట్నంలో పద్నాలుగో బ్లాకు బి ద్వారం జనం తలుపు చదవడం ఎప్పుడు నేర్చుకున్నారో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఇది చిన్న లోపం కాదు. చేతిలో రొట్టె సంచీ ఉన్నా, నెత్తిన వాన పడుతున్నా, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినా, ఆ ద్వారం మనిషి తలుపు పిడి మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగి, తలుపుకేసి చూసి, అప్పుడు గాని లోపలికి అడుగు వెయ్యడు. తలుపు మీద కాగితాలుంటాయి. నల్లటి గీతతో చట్రం, మధ్యలో ఫొటో, కింద పేరు, పోయి ఎన్నాళ్ళయిందన్న మాట. నలభయ్యో రోజుకి ఒకటి, ఆర్నెల్లకి ఒకటి, ఏడాదికి ఒకటి, ఆ పైన ఏటేటా ఒకటి. ఎవరు పోయారో, పోయినవాళ్ళని ఎవరింకా తలుచుకుంటున్నారో, ఎవరు తలుచుకోవడం మానేశారో, అంతా తలుపే చెబుతుంది. ప్రభుత్వాలు మారాయి, వీధుల పేర్లు మారాయి, బ్లాకు రంగు రెండుసార్లు మారింది. ఆ ఒక్క క్షణం ఆగడం మాత్రం మారలేదు.

అటువంటి తలుపుని పీకేసి కొత్తది బిగించిన ఏప్రిల్ నెలలో, బి ద్వారానికి పెద్దగా ఉన్నది గెర్గీనా రుషేవా.

గెర్గీనాకి అరవై ఏడేళ్ళు. ఉద్యోగం రైల్వేలో. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒంటి పట్టాల లైను మీద బళ్ళు నడిపించింది. నడపడం కాదు, నడిపించడం. ఇటునించి వచ్చే బండీ అటునించి వచ్చే బండీ ఒకే పట్టా మీద ముఖాముఖీ కాకుండా, ఒకదాన్ని పక్కదారిలో నిలబెట్టి రెండోదాన్ని పోనివ్వడం ఆవిడ పని. ఆ పనిలో ఆవిడ నేర్చుకున్నదొక్కటే: తప్పెవరిదని అడక్కూడదు, ముందెవరు, తర్వాతెవరు అని మాత్రమే అడగాలి. తప్పెవరిదో తేల్చేలోగా రెండు బళ్ళూ గుద్దుకుంటాయి. ఇరవై నాలుగో ఏట పెళ్ళి చేసుకుని ఇరవై ఆరో ఏట విడిపోయింది. ఆ సంగతి ఎవరైనా అడిగితే, "ఇద్దరం ముందే వెళ్తామన్నాం. పక్కదారి లేదు," అనేది.

ఉద్యోగం అయిపోయాక ద్వారం పెద్దరికం వచ్చింది. పద్దెనిమిదేళ్ళలో నలభై ఒక్క తగాదాలు తీర్చింది. ఒక్కటి కూడా మున్సిపాలిటీ గడప తొక్కలేదు. పెరట్లో తివాచీలు దులిపే ఇనప చట్రం దగ్గర ఎవరు ఎన్నింటికి కర్ర పట్టాలో ఆవిడే చెప్పింది. శరదృతువులో మిరపకాయలు కాల్చి ఊరగాయ పచ్చడి ఉడికించే ఇటుకల పొయ్యి ఒక్కటే ఉంటే, ఒకే శనివారం స్తోయ్నా, నెద్కో కుటుంబాలు రెండు కాగులతో దిగినప్పుడు, గరిటెలు పైకి లేచి ఆ పైన ఏం లేవబోతున్నాయో అనుకుంటున్న వేళ, ఆవిడ మెట్ల మీంచి ఒక్క మాట అంది: "స్తోయ్నా కాగు పన్నెండు దాకా. నెద్కో కాగు పన్నెండు నించి. ఆగిన బండికి అవమానం లేదు." ఆగిన బండి, అంటే నెద్కో, పన్నెండింటిదాకా బెంచీ మీద కూర్చుని స్తోయ్నా పచ్చడికి ఉప్పు చాలలేదని చెబుతూ గడిపాడు. స్టేషన్లో పెట్టుకున్న ఎర్ర టోపీ ఇప్పటికీ గెర్గీనా ఇంట్లో మేకుకి వేలాడుతోంది. తగాదాల్లో పెట్టుకోదు. పెట్టుకోవలసినంత అవసరం రాలేదు.

నలభై రెండోది తలుపు తగాదా.

కొత్త తలుపు నెద్కో చేతి పని. నెద్కో కింది అంతస్తులో ఉంటాడు, కిటికీలకి అద్దాలు బిగించడం వృత్తి. అల్యూమినియం చట్రం, నిలువెత్తు అద్దం. రెండు రోజులు పనికి సెలవు పెట్టి, కూలి తీసుకోకుండా తనే బిగించాడు. బిగించాక పొద్దునొకసారీ సాయంత్రమొకసారీ తుడిచాడు. అద్దం మీద ఈగ వాలితే ఇంట్లో కూర్చున్న నెద్కోకి తెలిసేది. పాత ఇనప తలుపుని మాత్రం, దాని మీదున్న ఆరు కాగితాలతో సహా, బండెక్కించి పాత సామాన్లవాడికి పంపించేశాడు.

ఆ సాయంత్రం మూడో అంతస్తు దిమ్కా కిందికి దిగింది. దిమ్కా భర్త జెల్యాజ్కో పోయి ఆరేళ్ళు దాటింది. ఆరో ఏటి కాగితం తలుపు మీద సరిగ్గా కళ్ళకెదురుగా ఉండేది.

"నెద్కో! మా ఆయనేడీ?"

"మీ ఆయన పోయి ఆరేళ్ళయింది కదా, దిమ్కక్కా."

"తలుపు మీది మా ఆయన్రా!"

నెద్కో తల గోక్కున్నాడు. "తలుపుతో పాటే వెళ్ళాడు."

"ఎక్కడికి?"

"పాత ఇనుములోకి."

"అమ్మేశావా? నా మనిషిని పాత ఇనుముకి అమ్మేశావా?"

"తలుపు ఇచ్చానక్కా, మనిషిని కాదు. కొత్త తలుపు మీద ఇంక ఏవీ అంటించొద్దు. ఇది తలుపు. శ్మశానం గోడ కాదు."

దిమ్కా పైకెళ్ళింది. గంటలో పిండి జిగురు గిన్నెతో దిగివచ్చి, ఇంట్లో దాచిన ఇంకో జెల్యాజ్కోని అద్దం మీద మళ్ళీ కళ్ళకెదురుగా అంటించింది. తెల్లారేసరికి నెద్కో బ్లేడుతో గీకేశాడు. మధ్యాహ్నానికి జెల్యాజ్కో తిరిగొచ్చాడు. రాత్రికి మళ్ళీ పోయాడు. బతికున్నన్నాళ్ళూ ఎర్రగా బుర్రగా, గొడవల జోలికి పోని ఆ మనిషి, మూడు రోజుల్లో ఐదుసార్లు వచ్చి ఐదుసార్లు పోయాడు.

నాలుగో రోజు గెర్గీనా కలగజేసుకుంది. ఇద్దరినీ ఉత్తరాల పెట్టెల దగ్గర నిలబెట్టింది.

"తలుపు ఒకటే పట్టా," అంది. "దాని మీద శుభ్రం పోవాలంటాడు నెద్కో, జ్ఞాపకం పోవాలంటుంది దిమ్కా. రెండూ ఒక్కసారి పోవు. కాబట్టి శుభ్రం తలుపు మీద పోతుంది. జ్ఞాపకం పక్కదారిలోకి వస్తుంది. లోపల బోర్డు పెట్టిస్తాను."

"లోపలెక్కడ?" అంది దిమ్కా.

"సెల్లారు మెట్ల పక్కన. గోడ ఖాళీగా ఉంది."

"అక్కడ లైటు లేదు, గెర్గీనా."

"పెట్టిస్తాను. దిమ్కా, నీకు మాటిస్తున్నా. జూన్ తొమ్మిదికి మీ ఆయన పోయి ఏడేళ్ళు. ఆ రోజుకి జెల్యాజ్కో ఎక్కడుండాలో అక్కడుంటాడు."

దిమ్కా "చూద్దాం," అని వెళ్ళిపోయింది. దిమ్కా భయం గెర్గీనాకి తెలియనిది కాదు. ఏడో ఏట తలుపు మీద జెల్యాజ్కో లేకపోతే, వీధి అంతా ఒక్కటే అనుకుంటుంది: పెళ్ళాం మర్చిపోయింది. మర్చిపోవడమంటే ఆ వీధిలో చావుకన్నా పెద్ద మాట. అందుకే గెర్గీనా మాట కూడా ఊరికే ఇచ్చింది కాదు. బోర్డు వచ్చింది, దీపం వచ్చింది, జెల్యాజ్కో దాని మీదికి ఎక్కాడు. నలభై రెండోది తీరిందని గెర్గీనా మనసులో రాసుకుంది.

వీధి మాత్రం రాసుకోలేదు. నెల గడిచినా బోర్డుకేసి ఒక్కరూ చూడలేదు. సెల్లారుకి పోయేవాళ్ళు బంగాళాదుంపల కోసం పోతారు, చదువుకోవడానికి కాదు. బెంచీ మీద దిమ్కా స్తోయ్నాతో అన్న మాట రెండు రోజుల్లో తిరిగి తిరిగి గెర్గీనా చెవిన పడింది: "మా ఆయన్ని దుంపల కాపలా పెట్టింది." గెర్గీనా విని పట్టించుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో పక్కదారిలో నిలబడి సణగని డ్రైవరుని ఆవిడ చూడలేదు. మే నెలాఖర్న చెర్రీలు కొయ్యడానికి చెల్లెలి ఊరికి నిశ్చింతగా వెళ్ళింది. ఫోను చెల్లెలి ఇంట్లో పెట్టి, నాలుగు రోజులు చెట్ల మీదే ఉంది.

ఇక్కడ నెద్కో మంచితనం గురించి చెప్పాలి. జరిగిన అనర్థమంతా దాని వల్లే.

జూన్ మొదట్లో బి ద్వారం వాళ్ళ వార్షిక సమావేశం. ఆ సంగతి వారం రోజులు ముందుగా ద్వారం దగ్గర అందరికీ కనపడేలా అంటించాలని చట్టం. గెర్గీనా ఊళ్ళో లేదు. ఈసారి పెద్దరికం వేరేవాళ్ళకి పోతుందేమోనని ఎవరో అన్నారట. తలుపు విషయంలో తన పక్షాన నిలబడ్డ మనిషికి కృతజ్ఞత చూపించాలనిపించింది నెద్కోకి. శుక్రవారం పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని, కొత్త సంవత్సరం విందులో తీసిన గెర్గీనా ఫొటో పెద్దది చేసి, అందంగా ఉంటుందని చుట్టూ చట్రం గీశాడు. రంగు సిరా అయిపోయింది కాబట్టి చట్రం నల్లగా వచ్చింది. కింద పెద్ద అక్షరాల్లో ఇలా రాశాడు: 'గెర్గీనా రుషేవా. పద్దెనిమిదేళ్ళు మన కోసమే పాటుపడిన మనిషి. ఆమెకి మనందరి కృతజ్ఞతలు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ద్వారం ముందు కలుద్దాం.' ఆ కింద చిన్న అక్షరాల్లో, లిఫ్టు బల్బు, సెల్లారు తాళం, ద్వారం పెద్ద ఎన్నిక. నిండు అద్దం మీద మరో కాగితమన్నది లేకుండా, సరిగ్గా కళ్ళకెదురుగా అంటించి, పనికెళ్ళిపోయాడు.

మర్నాడు శనివారం. చనిపోయినవాళ్ళ కోసం ఊరంతా శ్మశానానికి వెళ్ళే శనివారం అది. అంటే శుక్రవారం ప్రతి వంటింట్లోనూ పోయినవాళ్ళ పేర పంచే గోధుమలు ఉడుకుతూనే ఉన్నాయి. పదింటికి స్తోయ్నా తలుపు చదివింది. పదకొండింటికి వీధి చదివింది. ఫోను చేస్తే గెర్గీనా ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది పాపం, అన్నారు.

రెండింటి బస్సు దిగి, చేతిలో చెర్రీల బుట్టతో గెర్గీనా బ్లాకు మలుపు తిరిగింది. ద్వారం ముందు ముప్ఫై మంది ఉన్నారు. బెంచీ మీద పంచదార, అక్రోటు పొడి చల్లిన గోధుమల గిన్నెలు. ఒకాయన రాకియా అనే సారా కాస్త నేల మీద పోసి, మిగిలింది తాగుతున్నాడు. పోయినవాళ్ళ వాటా అంతేనన్నమాట. అందరూ అటు తిరిగి తలుపు చూస్తున్నారు కాబట్టి, గెర్గీనా కూడా అలవాటు ప్రకారం ఆగి తలుపు చూసింది. ముందు అనిపించింది ఫొటో బాగుందని. తర్వాత పేరు చదివింది.

"దేవుడు క్షమించాలి," అంటోంది స్తోయ్నా, నోటినిండా గోధుమలతో. "కఠినమైన మనిషే గాని న్యాయం తెలిసిన మనిషి. నా కాగుని పన్నెండింటికల్లా దింపించేసింది, అది మాత్రం..."

"పచ్చడి అప్పటికే మాడింది కాబట్టి దింపమన్నాను," అంది గెర్గీనా వెనకనించి.

గిన్నె ఒకటి కింద పడింది. ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. రాకియా ఆయన రెండో గ్లాసు నేల మీద ఒక్క చుక్కైనా పొయ్యకుండా తాగేశాడు.

స్తోయ్నా చేతిలో నాలుగు పువ్వులున్నాయి. సరి సంఖ్య పోయినవాళ్ళకి, బేసి సంఖ్య బతికున్నవాళ్ళకి. ఈ తేడా ఆ ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. స్తోయ్నా గెర్గీనాని ఎగాదిగా చూసి, గుత్తిలోంచి ఒక పువ్వు లాగేసి, మిగిలిన మూడూ ఆవిడ చేతిలో పెట్టింది. "ఆరోగ్యంగా ఉండక్కా," అంది. లాగిన పువ్వుని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకుంది. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే తమ గుత్తుల్లోంచి ఒక్కో పువ్వు తీసెయ్యడం మొదలుపెట్టారు.

అప్పుడు దిమ్కా ముందుకొచ్చింది. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆవిడే. కళ్ళింకా ఎర్రగా ఉన్నాయి. గెర్గీనాని నెల రోజులుగా పలకరించని మనిషి.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను దిమ్కా."

"అయితే లెక్క చెప్పు. నువ్వు తలుపెక్కి నాలుగు గంటలు. వీధి వీధంతా వచ్చింది. మా ఆయన నీ బోర్డెక్కి నెల దాటింది. ఎవరొచ్చారు? నువ్వు చావకపోయినా వచ్చారు. ఆయన నిజంగా పోయినా రాలేదు."

పక్కదారి గురించి గెర్గీనా దగ్గర ఉన్న మాటలన్నీ మంచివే. అయితే ఆ మాటల్లో ఒక్క సంగతి లేదని అప్పుడే తోచింది. పక్కదారిలో నిలబెట్టిన బండిని ఎప్పుడో ఒకప్పుడు వదలాలి. జెల్యాజ్కోని ఆవిడ నిలబెట్టింది గాని, వదిలే టైము రాయలేదు.

ఇంతలో కబురందుకుని నెద్కో పరుగెత్తుకొచ్చాడు. జరిగింది విని, మొహం తుడుచుకుని, సోది చెప్పకుండా తిన్నగా తలుపు దగ్గరికెళ్ళి కాగితం నాలుగు మూలలూ గోటితో లేపి, ఒక్క లాగు లాగాడు. వచ్చేసింది.

"చూడండి," అన్నాడు, అద్దం మీద వేలు రాసి. "నా బుద్ధి గడ్డి తిన్నదే. అయినా ఒక్క మరకైనా పడిందా? ఒక్క గీతైనా ఉందా? టేపు! మూలలకి ఇంతింత టేపు! ఇదే దిమ్కక్క జిగురైతే బ్లేడు పట్టాలి, బ్లేడు పడితే గీతలు పడతాయి. ఐదు గీతలున్నాయి ఈ అద్దం మీద. లెక్కపెట్టమంటారా? ఒక్కొక్కటీ నా గుండె మీద పడింది."

గెర్గీనా చెర్రీల బుట్ట కింద పెట్టింది. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ ఎన్నడూ అడగని ప్రశ్న అడిగింది.

"నెద్కో, నువ్వు జెల్యాజ్కోని ఎందుకు గీకావు?"

"జిగురు, అక్కా! జిగురు కోసం! జెల్యాజ్కో అన్నతో నాకేం గొడవ? నాకు అద్దం కొయ్యడం నేర్పిందే ఆయన!"

"మరి శ్మశానం గోడ అన్నావుగా," అంది దిమ్కా.

"కోపంలో అన్నాను. నువ్వు నన్ను ఇనుప దొంగ అనలేదా?"

"దొంగ అనలేదు. అమ్మేశావన్నాను."

"అదే కదా!"

"జిగురని నోరు తెరిచి చెప్పి ఏడవొచ్చుగా, సన్నాసీ?"

"నువ్వు అడగనిచ్చావా?"

దిమ్కా గెర్గీనాకేసి చూసింది. నెద్కో కూడా గెర్గీనాకేసే చూశాడు. అడగవలసిన మనిషి ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆ చూపుల కింద గెర్గీనా మూడు పువ్వులు పట్టుకుని నిలబడింది. ఆవిడ మొహం ఎర్రబడడం వీధి చూడడం అదే మొదలు. బతికున్నందుకు అయుంటుందని కొందరు సర్దిచెప్పుకున్నారు.

"తప్పు నాది," అంది చివరికి. "ముందెవరు, తర్వాతెవరు అని అడిగాను. ఎందుకని అడగలేదు. జూన్ తొమ్మిది మాట మాత్రం ఇంకా నిలిచే ఉంది. గోధుమలు చల్లారుతున్నాయి, తినండి."

చట్టానికి వారం గడువు కావాలి కాబట్టి, ఆ ఆదివారం కాదు, పై ఆదివారం సాయంత్రం ఆరింటికి సమావేశం జరిగింది. పిలుపు కాగితం గెర్గీనాయే మళ్ళీ రాసింది, చేత్తో, ఫొటో లేకుండా. బి ద్వారం చరిత్రలో అంతమంది వచ్చిన సభ ఇంకొకటి లేదు; ఆవిడ నిజంగా బతికుందో లేదో ఇంకోసారి చూసుకోవాలని కొందరొచ్చారు. లిఫ్టు బల్బుకి రెండు నిమిషాలు పట్టింది. తలుపుకి గంటన్నర. గెర్గీనా నిలబడి ఒప్పందం చదివింది. అద్దం ఎడమ సగం పైభాగం, సగటు మనిషి కళ్ళకెదురుగా, జ్ఞాపకానికి. మిగతా అద్దం శుభ్రానికి. జిగురు నిషేధం, నాలుగు మూలలా పారదర్శకమైన టేపు. ఒక్కో కాగితం తొమ్మిది రోజులు, ఆ తర్వాత లోపలి బోర్డు మీదికి. ఒకే వారంలో ఇద్దరు పడితే పాతవారు ముందు. అంటించేదీ తీసేదీ నెద్కో, ఇంటివాళ్ళు ఎదురుగా నిలబడగా. బతికున్నవాళ్ళ ఫొటో ఏ కారణం చేతనైనా తలుపు మీదికి రాకూడదు. ఈ చివరి నిబంధనకి మాత్రం చప్పట్లు కొట్టారు.

"చట్రం మందం ఎంతుండాలో రాయలేదు," అన్నాడు నెద్కో.

"నోర్ముయ్యి," అన్నారు స్తోయ్నా, దిమ్కా ఒక్కసారే.

అందరూ చేతులెత్తారు. గెర్గీనాని మళ్ళీ పెద్దగా ఎన్నుకున్నారు. పోటీ ఎవరూ చెయ్యలేదు. చచ్చి బతికిన మనిషితో పోటీ ఎవరు చేస్తారు?

జూన్ తొమ్మిది మంగళవారం. ఎనిమిదింటికి నెద్కో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అద్దాన్ని ముందు వెనిగరు నీళ్ళతో, తర్వాత పొడి గుడ్డతో తుడిచాడు. దిమ్కా కాగితం అందించింది. గెర్గీనా రెండడుగులు వెనక్కి నిలబడి, ఎడమ, ఇంకా ఎడమ, కాస్త పైకి, అంటూ చెయ్యి ఊపింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బళ్ళని ఆపినప్పుడు కూడా అంత జాగ్రత్తగా ఊపి ఉండదు. నాలుగు మూలలా టేపు పడింది. నల్ల చట్రంలో జెల్యాజ్కో ఎర్రగా బుర్రగా, ఏ గొడవా ఎరగనట్టు వీధికేసి చూశాడు. 'ఏడేళ్ళు. నువ్వు లేవు, నీ మాట ఉంది. భార్య దిమ్కా.' దిమ్కా చేత్తో చట్రం అంచు ఒకసారి తడిమింది. నెద్కో వేలి ముద్ర పడుతుందేమోనని గుడ్డ తీసి, ఆవిడ మొహం చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. గెర్గీనా ఇంటికెళ్ళి కాఫీ పెట్టుకుంది. నలభై రెండూ తీరాయి.

ఆ రోజు తొమ్మిదింటికే ముప్ఫై ఆరు డిగ్రీల ఎండ. మెట్లలోకి కాస్త గాలి ఆడాలని ఎవరో తలుపుని బయటికి బార్లా తీసి, గోడకి ఆనించి, కదలకుండా ఇటుక పెట్టారు. జెల్యాజ్కో మొహం గోడకేసి తిరిగింది; వీధిలో పోయేవాళ్ళకి రోజంతా అద్దంలోంచి కనిపించింది కాగితం వెనకవైపు తెలుపే. ఇటుక పెట్టింది దిమ్కా.